తాళమునకు నకలు గలదా?

నేను ఉప్పాడలో పుట్టి, ఆ చుట్టుపట్ల బడులయందు ముప్పది యేండ్లకు పైగా తెలుగు చెప్పి విరమించినవాడను. బాల్యమున గురువుగారి యెదుట కూర్చుండి అమరమును, శబ్దమంజరిని వల్లించినవాడనే కాని యంత్రశాస్త్రము నభ్యసించినవాడను గాను. అట్టివాడు కంప్యూటరులలోని లెక్కపుస్తకములకు తాళములు వేయు పద్ధతినిగూర్చి మాటలాడబూనుట మీకు వింతగా దోచవచ్చును. కాని కొంచె మోపికతో విందురేని, ఈ విషయము పేరున మాత్రమే కొత్తదనియు, స్వభావమున మన తాతల నాటిదేయనియు మీకే తెలియగలదు.

మా ఊరిని సముద్రము ఏటేట కోసికొని పోవుచున్నది. మా నాయనగారు చిన్ననాడు నీళ్లు తోడిన బావి యెక్కడనని నే నొకనా డడుగగా, ఆయన గట్టుమీద నిలిచి అలలవంక వేలు చూపిరి. ఇల్లు సముద్రములో గలిసిపోయినవానికి, తన కొక యిల్లుండెననుటకు మిగులునది గోడయు గాదు, గడపయు గాదు. ఎక్కడనో యొక పుస్తకములో వ్రాయబడియున్న యొక్క పంక్తి. ఆ పంక్తి యున్నచో వాడు గృహస్థు. లేనిచో వాడు యాచకుడు. కావున పుస్తకము చెడకుండ కాపాడుటయు, దానికి నమ్మదగిన నకలుంచుటయు మావంటి యూళ్లవారికి ప్రాణసమానమైన విషయములు.

నకలు తీయుట సులభమే. నమ్మదగిన నకలు తీయుట కష్టము. దానికి శత్రువులు మూడు. ఒకటి, వ్రాయసకాని పొరపాటు. రెండవది, అసలు వ్రాయబడుచుండగానే నకలు తీయుట. మూడవది, రెండు ప్రతులయందును ఇద్దరు వేర్వేరుగా వ్రాయుట. మొదటిదానిని మన పండితులు చక్కగా నెరుగుదురు. కడమ రెంటికి విరుగుడే తాళము. ఆ తాళపు చరిత్రయే నేటి నా ప్రసంగము.

తాటియాకుల కాలమునుండి మొదలిడుదును. గంటముతో గీసి, మసి పూసి, రంధ్రమున త్రాడు గ్రుచ్చి, రెండు పలకల నడుమ బిగించిన పుస్తకమును మన పూర్వులు దేవతవలె పూజించెడివారు. నకలు వ్రాయువాడు త్రాడు విప్పి ఆకులను వరుసగా దీసికొనును. త్రాడు విప్పియున్నంతసేపు ఆ గ్రంథ మింకొకని చేతికీయరాదు. ఇచ్చిరేని ఒక యాకు అక్కడ, ఒక యాకు ఇక్కడ పడి, రెండవ నకలున నొక ఘట్టము లోపించును. చదువరి ఆ లోపమును గుర్తింపలేక, కవియే యట్లు వ్రాసెనని భ్రమపడును. త్రాడు కట్టియున్న గ్రంథము సిద్ధము. విప్పియున్న గ్రంథము ఒకరి వశము. ఇదియే మన దేశమున నేనెరిగిన మొట్టమొదటి తాళము. దానికి ఇనుము లేదు, చెవి లేదు. మర్యాద మాత్రమే గలదు.

ఈ నకళ్ల చిక్కును విడదీయుటకై మిక్కిలి శ్రమించినవారిలో ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర యొకడు. ఆయన కడపలోను, మచిలీపట్టణములోను, మన రాజమహేంద్రవరములోను ఉద్యోగములు చేయుచు, ఒకే గ్రంథమునకు పెక్కు వ్రాతప్రతులు తెప్పించి, పండితులను కూర్చుండబెట్టి, ప్రతులను సరిపోల్చి శుద్ధప్రతులు వ్రాయించెను. వేమన పద్యములను 1829లో నచ్చువేయించెను; తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును 1852లో వెలువరించెను. తరువాతి కాలమున 1911లో చెన్నపట్టణమున జయంతి రామయ్య పంతులుగారి పూనికతో వెలసి, పిదప కాకినాడకు మారిన ఆంధ్రసాహిత్యపరిషత్తు తాళపత్రములను సేకరించి భద్రపరచెను. వీరందరు తెలిసికొన్న సత్యమొక్కటే: రెండు ప్రతులు భేదించినపుడు ఏది కొత్తదని కాదు, ఏది నిజమని యడుగవలెను. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పనియున్నది.

ఇక లెక్కపుస్తకములకు వత్తము. గ్రంథము ఒకసారి వ్రాసినపిమ్మట మారదు. లెక్క దినదినమును మారును. మన గ్రామములలో కరణము అడంగలు వ్రాయుచుండెను. ఏ పొలము ఎవరిది, అందేమి పండినది, శిస్తెంత యన్నది అందుండెను. తాలూకా కచ్చేరిలోను లెక్క లుండెను. ఊరి లెక్కయు తాలూకా లెక్కయు నొకదానితో నొకటి సరిపోవలెను. అవి యెప్పుడును కదలుచున్నవే. మరి సరిపోల్చుట యెట్లు? దానికి పెద్దలు కనిపెట్టిన యుపాయము జమాబంది. ఫసలీ సంవత్సరము జూలై 1 మొదలు జూన్ 30 వరకు. ఆ సంవత్సరపు లెక్కను నిలిపి, మూసి, కరణములను పిలిపించి, అధికారి యెదుట పంక్తి పంక్తియు సరిచూచి సంతకము చేసెడివారు. మూయని లెక్కను ఎవ్వరును సరిచూడలేదు. ప్రవహించు నీటిని కొలువలేము గదా! గట్టువేసి నిలిపి కొలువవలెను. 1984 జనవరిలో కరణీకము రద్దయ్యెను. కరణముల దొసగులును వారితోనే పోయెనని కొందరు సంతసించిరి. వారి దొసగుల సంగతి యెట్లున్నను, లెక్క మూసి నకలు చూడుమను వారి నీతి మాత్రము పోదగినది కాదు.

దస్తావేజుల రిజిస్ట్రేషను కచ్చేరిలో ఈ నీతి చట్టముగానే వెలసెను. 1908వ సంవత్సరపు చట్టము ప్రకారము రిజిస్ట్రారుకిచ్చు పుస్తకమునకు పుటల సంఖ్యలు అచ్చుపడియుండవలెను. మొత్తము పుటలెన్నియో మొదటి పుటలో ధ్రువపరుపబడియుండవలెను. దస్తావేజులు వచ్చిన వరుసలోనే, అనవసరమైన జాగులేక, పుస్తకములోనికి నకలెక్కవలెను. పుస్తకముల నుంచుటకు నిప్పంటని పెట్టె యీయవలెను. చూడుడు, ఎంత ముందుచూపు! పుట చించి వేరొకటి చేర్చుటకు వీలులేదు. వెనుకటిది ముందునకు తెచ్చుటకు వీలులేదు. ఒక పుస్తకము, ఒక వరుస, ఒక సమయమున ఒక చేయి.

1998లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కార్డు అను పేరుగల యేర్పాటుచే 200కు పైగా రిజిస్ట్రేషను కచ్చేరులలో కంప్యూటరులను నెలకొల్పెను. చేతివ్రాత నకళ్లకై దినములకొలది వేచియుండిన రైతులు కొద్దిసేపటిలోనే తమ పత్రములతో నింటికి మరలసాగిరి. ఇది గొప్ప మేలు. కాని పుస్తకము పోయి యంత్రము వచ్చినపుడు, ఒక సమయమున ఒక చేయి యను నియమ మేమాయెను? కంప్యూటరులోని లెక్కపుస్తకమును డేటాబేసందురు. దానిని పదిమంది పది బల్లలయొద్ద కూర్చుండి యొకేసారి తెరువగలరు. ఇద్ద రొకే పంక్తిని దిద్దబూనినచో నెట్లు?

ఈ ప్రశ్నకు 1970 తరువాతి దశకమున అమెరికాలో ఐబీయం సంస్థలో పనిచేసిన కొందరు సమాధానము కనుగొనిరి. వారిలో ముఖ్యుడు జిమ్ గ్రే. ఆయనయు, ఈశ్వరన్, లోరీ, ట్రేగర్ అనువారును 1976లో ప్రకటించిన వ్యాసము ఈ శాస్త్రమునకు పునాదులలో నొకటి. పుస్తకమంతటికి తాళము వేయుదమా, ఒక్క పంక్తికే వేయుదమా యనునది ఆ కాలమున వారు విచారించిన విషయములలో నొకటి. పుస్తకమంతటికి వేసినచో క్షేమమే గాని కడమవారు ఊరక కూర్చుండవలెను. పంక్తికే వేసినచో పని సాగును గాని తాళముల లెక్క పెరుగును. ఉప్పాడవారికి ఇది తెలియనిది కాదు. మా జాందానీ మగ్గముపై ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండి యొకే చీర నేయుదురు. ఒకడు ఎడమవైపు బుటా, ఒకడు కుడివైపు బుటా. ఒకని దారములలో ఒకడు చేయి పెట్టడు. మగ్గమంతయు నొక్కనిదే యన్నచో చీరకు రెట్టింపు కాలము పట్టును. హద్దు లేకున్నచో బుటా చెడును.

ఇప్పుడు తాళపు ఫైలు సంగతి వినుడు. చిన్న కచ్చేరులలో వాడుకలోనున్న కొన్ని డేటాబేసులు, ఎవడైన పుస్తకమును తెరచినతోడనే దాని ప్రక్కన అదే పేరుతో నొక చిన్న ఫైలును పుట్టించును. 1992లో వెలువడిన ఆక్సెస్ అను డేటాబేసు ఇట్టిది. ఆ చిన్న ఫైలులో లోపలనున్న వారి పేరును, వారి యంత్రము పేరును వ్రాయబడును. కడపటివాడు మూసి పోయినపుడు అది తనంతట మాసిపోవును. దీనినే లాకు ఫైలందురు. నేను వాకిటి పలక యనియెదను. లెక్కల గది వాకిట పలక వ్రేలగట్టి, లోపలికి పోవువాడు తన పేరు వ్రాసి, వచ్చునపుడు తుడిచివేసిన ట్లన్నమాట.

అయితే పలక వేరు, గడియ వేరు. పలక పేరు చెప్పును. గడియ నిజముగా ఆపును. ఆ గడియ పలకలో లేదు. ఫైళ్ల నుంచుకొని పదిమందికి అందించు పెద్ద కంప్యూటరును సర్వరందురు. ఏ ఫైలులో నే భాగము నెవరు పట్టియున్నారో ఆ సర్వరు తన మనస్సులో నుంచుకొనును. అదియే గడియ. కొన్ని ప్రోగ్రాములు పలకను మాత్రమే చూచి లోపల మనిషి గలడని నమ్మును. కొన్ని గడియనే తట్టిచూచును.

ఇక నకళ్ల మాట. అగ్నిభయము, జలభయము నెంచి, ఒక సర్వరులోని ఫైళ్లను వేరొక యూరి సర్వరుకు ఎప్పటికప్పుడు నకలుచేయు ఏర్పాటులు వచ్చినవి. మైక్రోసాఫ్టువారి విండోసు 2000లో నొకటి యుండెను. దానికి బదులుగా 2005 చివర మెరుగైనది వెలువడెను. ఇవి రెండుప్రక్కలను సమానముగ జూచును: ఇక్కడ మారినది అక్కడికి పోవును, అక్కడ మారినది ఇక్కడికి వచ్చును. పటములకు, జాబులకు, పాఠములకు ఇది చక్కని యేర్పాటు. కాని తెరచియున్న లెక్కపుస్తకమును దీని చేతిలో బెట్టినచో మూడు కీడులు గలవు.

మొదటిది: ఎవడైన గట్టిగా పట్టియున్న ఫైలును నకలుచేయువాడు తాకలేడు; వదలువరకు వేచి, మరల మరల ప్రయత్నించును. గుమాస్తా ఉదయము తెరచి సాయంకాలము వరకు మూయనిచో దినమంతయు నకలు పోదు. నకలున్నదని మనము నిశ్చింతగా నుందుము. ఉన్నది నిన్నటి నకలు.

రెండవది: వాకిటి పలకయు నొక ఫైలే గనుక దానికిని నకలు పోవచ్చును. విద్యుత్తు హఠాత్తుగ పోయి పలక తుడువబడక మిగిలినచో, ఆ పలక రెండవ యూరికి చేరును. అక్కడ గదిలో నెవ్వరు లేరు. పలకమీద మాత్రము పేరున్నది. పలకనే నమ్మువారు వాకిట నూరక నిలిచియుందురు.

మూడవది అన్నింటికంటె చెడ్డది: పలకకు నకలు పోవును గాని గడియకు పోదు. గడియ సర్వరు మనస్సులోనిది. మనస్సునకు నకలు లేదు. కావున ఇక్కడ ఒకడు గడియ వేసికొని వ్రాయుచుండగా, అక్కడ రెండవవాడు తన యూరి సర్వరును, ఎవరైన గలరా యని యడుగును. అది తనయొద్ద మాత్రము చూచి, ఎవ్వరు లేరని నిజమే చెప్పును. ఇద్దరును ఏకాంతముగా నున్నామనుకొని వ్రాయుదురు. మూసినపిమ్మట నకలుచేయువాడు రెండు పుస్తకములను చూచి, ఎవరు కడపట వ్రాసిరో వారిదే నిలుపును. రెండవ పుస్తక మంతయు పోవును. పంక్తులను కలుపుట దానికి తెలియదు. దాని కది పుస్తకము కాదు, ఒక మూట. ఓడిన మూటను ఒక మూల కొట్టులో పడవేయును. ఆ కొట్టునకు హద్దు గలదు. నిండినచో పాతవి తొలగింపబడును.

ఇది నేను చదివి చెప్పిన మాట కాదు, చూచి చెప్పినది. కొన్నియేండ్ల క్రిందట ఒక తుపానునాడు అలలు మా ఊరి యొక వీధిని కొట్టినవి. నష్టపోయినవారి జాబితా వ్రాయుటకు ఒక కచ్చేరివారు వచ్చిరి. ఊరిలో గడప గడపయు నెరిగినవాడనని నన్ను పిలిచిరి. నేను పేర్లు చదువుచుండగా గుమాస్తా కంప్యూటరులో నెక్కించెను. సాయంకాలము 6 గంటలకు ఆ వీధిలోని 23 గడపలును పూర్తియైనవి. గుమాస్తా పుస్తకము మూసి పోయెను. అదే సమయమున వేరొక యూరిలో అదే కచ్చేరికి చెందిన ఇంకొక గుమాస్తా, తన సర్వరులోని ప్రతిని తెరచి, పాత జాబితాలో నెవరిదో యింటిపేరు దిద్దుచుండెనట. ఆయన 6:30 గంటలకు మూసెను. ఆయన దిద్దినది ఒక్క యక్షరము. ఆ యక్షరము నిలిచినది. మా 23 గడపలును పోయినవి.

మరునాడు సాయము పంచుచోట మా వీధివారు వరుసలో నిలిచిరి. పేరు లేదనిరి. ఒక ముసలమ్మ నావంక తిరిగి, "పంతులుగోరూ, నిన్న మీరు సదివినప్పుడు నా పేరు నా సెవులార ఇన్నాను కదండీ" అనెను. ఆమెకు నేనేమి చెప్పగలను? గుమాస్తా యబద్ధమాడలేదు, రెండవ గుమాస్తా దొంగతనము చేయలేదు, యంత్రము చెడలేదు. ఎవ్వరును తప్పుచేయకయే 23 కుటుంబములు లేనివారైరి. నా జీవితములో తప్పు చేసినవాని నెరుగని తప్పు అదొక్కటే చూచితిని.

నాయొద్ద చదివి యంత్రవిద్య నేర్చిన యొక పిల్లవాడు వచ్చి, ఓడిన మూటల కొట్టును వెదకి ఆ పుస్తకమును బయటికి తీసెను. అదృష్టవశమున అది యింకను తొలగింపబడలేదు. దానిలోని పేర్లను నేను నోటుబుక్కులో పెన్సిలుతో వ్రాసికొన్న పేర్లతో సరిపోల్చితిమి. సరిపోయినవి. ఆరోజు బ్రౌను దొర పండితులు నాకు జ్ఞాపకము వచ్చిరి. ఏది కొత్తదని యంత్ర మడిగినది. ఏది నిజమని మేమడిగితిమి.

దీనికి నివారణ లేకపోలేదు. ఆ పిల్లవాడు చెప్పినవానిని మన మాటలలో చెప్పెదను. ఒకటి, వ్రాయు పుస్తక మొక్కచోటనే యుండవలెను. కడమవి చదువుటకు మాత్రమే. రెండు, నకలు తీయువేళ పుస్తకము మూసియుండవలెను, లేదా ఆ క్షణమున నున్నదున్నట్లు నిలిపిన ఛాయాప్రతినుండి నకలు తీయవలెను. మూడు, వాకిటి పలకలను నకళ్ల మూటలో చేర్చరాదు, అవి యక్కడికక్కడివే. నాలుగు, పెద్ద లెక్కలకు మూటలు మోయువాని నమ్మక, డేటాబేసు తానే చేయు నకలును వాడవలెను. ఆ పద్ధతి మన కోమటులకు తెలిసినదే: ముందు చిట్టా, పిదప ఆవర్జా. జరిగిన ప్రతి మార్పును ముందుగా చిట్టాలో వరుసగా వ్రాసి, ఆ చిట్టా పంక్తులనే రెండవ యూరికి పంపుదురు. అక్కడివారు అదే వరుసలో తమ ఆవర్జాలో నెక్కించుకొందురు. మూటకు మూట మార్చుట కాదు, పంక్తికి పంక్తి చెప్పుట. 1908 నాటి చట్టములోని వరుస నియమము మరల వచ్చినది చూచితిరా!

తాళముల శాస్త్రమునకు పునాదివేసిన జిమ్ గ్రేకు, మన కచ్చేరులలో కార్డు నెలకొన్న ఆ 1998వ సంవత్సరమునకే, ఆ విద్యలో నత్యున్నతమైన ట్యూరింగు బహుమాన మీయబడెను. ఆయన 2007 జనవరి 28వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో రేవునుండి తన పడవలో నొంటరిగా బయలుదేరెను. తల్లి చితాభస్మమును సముద్రమున కలుపుటకు. మరల రాలేదు. ఆకాశమునుండి తీసిన సముద్రపు పటములను వేలమంది జల్లెడపట్టి చూచిరి. పడవయు దొరకలేదు, మనిషియు దొరకలేదు. ఈ సంగతి మొదట విన్ననాడు నేను మా గట్టుమీద చాలసేపు కూర్చుంటిని. వేటకు పోయి రానివారి కొరకు గట్టున నిలిచి చూచుట మాకు క్రొత్త కాదు. లోకములోని లెక్కలు చెరగకుండ కాపాడినవానిని సముద్రము కాపాడలేదు.

పెద్దలారా, మీ యూరి కచ్చేరులలోను నేడు కంప్యూటరులున్నవి. మీ పొలము, మీ యిల్లు, మీ పింఛను అన్నియు వానిలోనున్నవి. నకలున్నదా యని యడుగుట మీకు తెలియును. ఇకమీదట ఇంకొక రెండు ప్రశ్నలు కూడ నడుగుడు. నకలు తీసినపుడు పుస్తకము మూసియుండెనా? వ్రాయు చేతులు రెండు చోట్ల నున్నవా, ఒక్కచోటనా? ఈ ప్రశ్నలకు సిగ్గుపడకుడు; గుమాస్తాకు తెలియనిచో పైవారి నడుగుమనుడు. ఇంటికి పోయి, మీకు ముఖ్యమైన పంక్తిని మీ చేతితో నొక కాగితముమీద తేదీతో వ్రాసి దాచుకొనుడు. ఆ ముసలమ్మ పేరును నిలిపినది సర్వరొక్కటియే కాదు. దానికి సాక్ష్యమిచ్చినది పెన్సిలు గీత.

పలకకు నకలుండవచ్చును. మనిషి లోపల నున్నాడను నిజమునకు నకలు లేదు.